పాత మస్జిదు, కొత్త డిజైనరు

మోపిదేవికి దగ్గరలోని ఒక గ్రామం నుండి మస్జిదు కమిటీ సభ్యులు గత నెల మా వద్దకు వచ్చారు. వారి మస్జిదు చాలా పాతది. రెండడుగుల మందం గల ఇటుక గోడలు, సున్నపు గిలాబు, టేకు దూలాల మీద నిలిచిన మద్రాసు టెర్రసు పైకప్పు, ముందు చిన్న సహన్. గోడలు అడుగుభాగాన పెచ్చులూడుతున్నవి. వర్షాకాలంలో రెండవ సఫ్ మీద నీళ్ళు కారుతున్నవి. మస్జిదుకు చెందిన మూడు దుకాణాల అద్దె కొంత పోగయింది. గల్ఫ్ దేశాలలో ఉన్న ఊరి పిల్లలు మరికొంత పంపించారు. విజయవాడ నుండి ఒక ఇంటీరియర్ డిజైనర్‌ను పిలిపించారు. ఆమె మొదట గీసి ఇచ్చిన నమూనాలో జిప్సమ్ బోర్డు ఫాల్స్ సీలింగ్, దానిలో దాగిన దీపాలు, గోడలకు ఐదడుగుల ఎత్తు వరకు నున్నని టైల్స్, ఖిబ్లా గోడకు పాలరాయి వలె కనిపించే పలకలు, వాటిపై బంగారు రంగు అక్షరాలు ఉన్నవి. అటువంటివే కావాలని కమిటీలోని యువకులు ఫోనులో చూపించిన బొమ్మల ప్రకారం ఆమె గీసినది.

ఇక ఊరు మూడు ముక్కలయింది. యువకులు సంబరపడ్డారు. పెద్దలు ఇది ఇస్రాఫ్, దుబారా అన్నారు. మూడవ వర్గం వారు అసలు ఈ ముసలి కట్టడాన్ని కూలగొట్టి స్లాబు వేస్తే పీడ పోతుందన్నారు. "జాయిజా, కాదా? ఒక్క మాట చెప్పి పంపించండి మౌలానా" అని వారిలో వయోవృద్ధుడైన ఒక సాహెబ్ మమ్మల్ని అడిగారు. ఒక్క మాటతో తేలే సంగతి కాదని మేము మనవి చేసుకున్నాము. ఇదే ప్రశ్న బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు నుండి కూడా తరచుగా వస్తున్నది కనుక ఈ నెల దీనినే తీసుకుంటున్నాము.

పాత మస్జిదును కొత్తగా చేయడంలో భిన్నాభిప్రాయం నేటిది కాదు. మదీనాలో దైవప్రవక్త (స) కట్టించిన మస్జిదుకు పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, ఖర్జూరపు మట్టల పైకప్పు ఉండేవి. హజ్రత్ అబూబక్ర్ (రజి) దానికి ఏమీ చేర్చలేదు. హజ్రత్ ఉమర్ (రజి) హిజ్రీ 17లో విస్తరించారు గాని, అదే ఇటుకతో, అదే మట్టలతో, పాత పద్ధతిలోనే కట్టించారు. జనాన్ని వాన నుండి కాపాడితే చాలునని, ఎరుపు పసుపు రంగులు పూసి వారి మనస్సులను చెదరగొట్టవద్దని ఆయన పనివారిని హెచ్చరించినట్లు బుఖారీ గ్రంథంలో ఉన్నది. ఆ తరువాత హజ్రత్ ఉస్మాన్ (రజి) హిజ్రీ 29లో పూనుకొని చెక్కిన రాళ్ళతో, గచ్చుతో గోడలు లేపి, టేకుతో పైకప్పు వేయించారు. అరబ్బు దేశాలకు టేకు మన దేశం వైపు నుండే ఓడలలో వెళ్ళేది. అప్పుడు కూడా ప్రజలు సణిగారు. ఉన్నదానిని ఉన్నట్లే ఉంచాలని కోరారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) వారికి మస్జిదు నిర్మాణంలోని పుణ్యాన్ని గుర్తు చేసి తమ పని కొనసాగించారు.

ఇద్దరూ సన్మార్గగాములైన ఖలీఫాలే. ఒకరు పాత రూపాన్ని నిలిపారు, ఒకరు మార్చారు. కాబట్టి మార్పు కోరే యువకుడిని ధర్మం తెలియనివాడనీ, పాతదానిని ప్రేమించే పెద్దను చాదస్తుడనీ అనే హక్కు మనలో ఎవరికీ లేదు. అయితే ఒక సంగతి గమనించండి. ఇద్దరు ఖలీఫాలూ మొదట చూసినది గోడ నిలబడుతుందా, కప్పు కారుతుందా అన్నదే. రాయి, గచ్చు, టేకు, ఈ మూడూ ముందుగా బలానికి సంబంధించినవి. అందం వాటి వెంట వచ్చినది.

ఫిఖహ్ పండితులు దీనిని ఇంకా స్పష్టంగా విడదీశారు. మా మదరసాలలో శతాబ్దాలుగా బోధిస్తున్న హిదాయా గ్రంథంలో ఇమామ్ మర్గీనానీ (రహ్మలై) ఈ విషయాన్ని చర్చించారు. మస్జిదును గచ్చుతో, టేకుతో, బంగారు నీటితో అలంకరించడంలో దోషం లేదని చెబుతూనే, అది ఒక వ్యక్తి తన స్వంత సొమ్ముతో చేసినప్పటి మాట అన్నారు. ముతవల్లీ వక్ఫ్ సొమ్ము నుండి కట్టడం పటిష్ఠతకు కావలసినది మాత్రమే చేయాలి. నగిషీ పనికి వక్ఫ్ సొమ్ము ఖర్చు చేస్తే అతడు దానిని తన జేబు నుండి తిరిగి చెల్లించవలసి ఉంటుంది. అంతేకాదు, వక్ఫ్ రాబడిలో మొట్టమొదటి హక్కు ఆ వక్ఫ్ కట్టడం మరమ్మతుదే. దానం చేసినవాడు ఆ షరతు వ్రాసినా, వ్రాయకపోయినా అదే నియమం.

దుకాణాల అద్దె వక్ఫ్ రాబడి. అది పైకప్పుకు, గోడకు, దూలానికి, నీటి పారుదలకు, ప్రమాదకరంగా ఉన్న కరెంటు తీగలకు పోవాలి. బంగారు అక్షరాలకు పోరాదు. గల్ఫ్ నుండి వచ్చిన సొమ్ము సంగతి వేరు. పంపినవారు ఏ నియ్యత్‌తో పంపారో వారినే అడిగి వ్రాసుకోవాలి. అలంకరణకే ఇచ్చామని ఎవరైనా చెబితే అది అలంకరణకు వాడవచ్చు. "మస్జిదుకు" అని మాత్రమే ఇచ్చినవారి సొమ్మును మరమ్మతు వైపే ఉంచడం జాగ్రత్త. ఈ లెక్కన కమిటీకి రెండు పుస్తకాలు కావాలి: ఒకటి పటిష్ఠతకు, ఒకటి సొగసుకు. డిజైనర్ ఇచ్చే అంచనా కాగితం కూడా ఇదే విధంగా రెండు భాగాలుగా ఉండాలని మొదటి రోజే చెప్పాలి. మా మాట విని కమిటీ వారు పాత అంచనాను ఆ విధంగా విడదీయగా ముప్పాతిక వంతు సొగసు వైపుకే వెళ్ళింది. కారుతున్న కప్పుకు ఆ కాగితంలో ఒక వరుస కూడా లేదు.

ఇందులో డిజైనర్‌ను తప్పుపట్టడానికి లేదు. ఆమెను అడిగినదే ఆమె గీసింది. తరువాత మేము కమిటీ వారితో కలిసి ఆ మస్జిదుకు వెళ్ళినప్పుడు ఆమె కూడా వచ్చింది. ఆమె ముస్లిమేతర కుటుంబం అమ్మాయి. లోపలికి రావచ్చునా అని గుమ్మం దగ్గరే ఆగి అడిగింది. ఇద్దరు పెద్దలు ముఖాలు చిట్లించారు. సఖీఫ్ తెగ వారు ఇంకా ఇస్లామ్ స్వీకరించక ముందే దైవప్రవక్త (స) వారికి తమ మస్జిదులోనే గుడారం వేయించి బస ఏర్పాటు చేశారని మేము వారికి గుర్తు చేశాము. ఆమె తల మీద పైట కప్పుకొని, చెప్పులు బయట విడిచి, నమాజు లేని వేళ చూసుకొని కొలతలు తీసుకున్నది. మర్యాద ఆమెకు ఒకరు నేర్పవలసిన అవసరం కలుగలేదు.

ఆ రోజు మేము ఆమెను ఒకటే అడిగాము: "అమ్మా, రంగుల సంగతి తరువాత చూద్దాం. ఈ గోడకు జబ్బు ఎక్కడ ఉన్నది?" ఆమె గోడ చుట్టూ బయటి నుండి తిరిగింది. కారణాలు బయటనే ఉన్నవి. ఊరిలో సిమెంటు రోడ్డు మీద మళ్ళీ సిమెంటు రోడ్డు వేయడం వలన వీధి మట్టం మస్జిదు గచ్చు కంటే పైకి వచ్చింది. వాన నీరు వీధి నుండి గోడ మొదట్లోకి పారుతున్నది. ఉత్తరపు గోడకు అవతల వుజూ కుళాయిల తూము పగిలి ఉన్నది. పైగా పదేళ్ళ క్రితం ఎవరో పుణ్యానికి పోయి, సున్నపు గిలాబు ఊడదీసి, ఛాతీ ఎత్తు వరకు సిమెంటు పూత పూయించారు.

పాఠకులు ఈ సిమెంటు సంగతి కొంచెం ఓపికగా వినాలి. సున్నంతో కట్టిన పాత గోడ నేలలోని చెమ్మను పైకి పీలుస్తుంది. సున్నపు గిలాబు గుండా ఆ తడి మెల్లగా బయటికి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపలే ఉండి, సిమెంటు ఆగినచోట నుండి ఇంకా పైకి ఎక్కుతుంది. మన దివిసీమ నేలలో ఉప్పు ఉన్నది. ఆ తడితో పాటు ఉప్పు కూడా ఎక్కి, ఆరినచోట గడ్డకట్టి ఉబ్బుతుంది. ఇటుక పొడిపొడిగా రాలుతుంది. దీనినే మనం గోడకు చవుడెక్కడం అంటాము. దానిని కప్పిపుచ్చడానికి టైల్స్ అతికిస్తే రోగికి కొత్త చొక్కా తొడిగినట్లే. నల్లరేగడి నేల ఎండకు బిగిసి, వానకు ఉబ్బుతుంటుంది. గోడలు అణుమాత్రం కదులుతూనే ఉంటవి. సున్నం ఆ కదలికను కొంతవరకు ఓర్చుకుంటుంది. గట్టి సిమెంటు బీటలు వారుతుంది.

దివిసీమ జనానికి సిమెంటు మీద ఇంత నమ్మకం ఎందుకో మాకు తెలియనిది కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్ళారా చూసినవారు ఇంకా మన మధ్యనే ఉన్నారు. మట్టిగోడలు, తాటాకు ఇళ్ళు ఒక్క రాత్రిలో కొట్టుకుపోయినవి. వేలాది ప్రాణాలు పోయినవి. ఆ తరువాత వచ్చిన పక్కా ఇళ్ళు, తుఫాను షెల్టర్లు అన్నీ కాంక్రీటువే. పాతదంటే భయం, స్లాబు అంటే అభయం అన్న భావన ఆ రాత్రి నుండే మన మనస్సులలో నాటుకున్నది. కూలగొట్టి స్లాబు వేద్దామన్న సోదరుల మాట వెనుక ఈ భయమే ఉన్నదని మేము గ్రహించాము. వారిని ఎగతాళి చేయరాదు. కట్టడం నిజంగా బలహీనమైతే ప్రాణరక్షణే ముందు. ఆ మాట చెప్పవలసినది మాత్రం అర్హత గల ఇంజినీరు. కమిటీలో గొంతు పెద్దదైనవారు కాదు.

పెద్ద కట్టడాలలో ఏమి జరిగిందో చూడండి. ఢిల్లీలోని హుమాయూన్ సమాధి పైకప్పు మీద గత శతాబ్దంలో పొరలు పొరలుగా కాంక్రీటు పోశారు. ఆగా ఖాన్ ట్రస్టు వారు పునరుద్ధరణకు పూనుకొన్నప్పుడు ఆ కప్పు మీది నుండి దాదాపు పది లక్షల కిలోల కాంక్రీటును చేతి పనిముట్లతో తొలగించి, మళ్ళీ సున్నం వేయవలసి వచ్చింది. అదే సంస్థ 2013 నుండి హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధుల వద్ద కూడా పాత సిమెంటు పూతలను తీసివేసి సున్నపు పని చేయించింది. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది. బందరు రేవు ఆ గోల్కొండ సుల్తానులదే కదా. వారి మేస్త్రీలు వాడిన డంగు సున్నం మన తాతల మేస్త్రీలకూ తెలుసు. గానుగలో రుబ్బిన సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ, మారేడు గుజ్జు కలిపేవారు. సముద్రతీరంలో నత్తగుల్లలు కాల్చి సున్నం తీసేవారు. ఈ పని తెలిసిన చేతులు ఇంకా పూర్తిగా మాయం కాలేదు. వెదికి పిలవాలి, పనికి తగిన కూలి ఇవ్వాలి.

అలంకరణ నిపుణులతో పాత కట్టడానికి తిరిగి కళ తెప్పించిన ఉదాహరణ కూడా హైదరాబాదులోనే ఉన్నది. నిజాముల చౌమహల్లా రాజప్రాసాదం దశాబ్దాల పాటు మూతపడి శిథిలమయింది. యువరాణి ఎస్రా దాని పునరుద్ధరణకు పూనుకొన్నప్పుడు వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రాను, వస్త్రకళలలో నిపుణుడైన మార్తాండ్ సింగ్‌ను తోడు తెచ్చుకున్నారు. ఏళ్ళ తరబడి పని జరిగిన తరువాత 2005లో ప్రజలకు తలుపులు తెరిచారు. 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఫలక్‌నుమా కూడా హోటలుగా 2010లో తెరుచుకునే నాటికి పదేళ్ళ శ్రమ పట్టింది. అవి రాజుల మహళ్ళు, మనవి పల్లె మస్జిదులు. పోల్చడానికి సంపదలో పొంతన లేదు. షాండ్లియర్ల కోసం వాటిని చెప్పడం లేదు. అంత డబ్బు ఉన్నవారే అంత నిదానంగా పని చేయించారు. మనం రంజాన్ లోపల అయిపోవాలని మేస్త్రీ ప్రాణం తీస్తాము.

ఫాల్స్ సీలింగ్ విషయంలో మాకు గట్టి అభిప్రాయమే ఉన్నది. పాత దూలాల కింద బోర్డు కొట్టి మూసివేస్తే చెదలు పట్టినా కనిపించదు, కప్పు కారినా బోర్డు ఊడి పడేవరకు తెలియదు. పైగా ఎత్తయిన కప్పు వలన మన ఎండలలో దొరికే చల్లదనం పోతుంది. గోడలు చెక్కి తీగలు లోపల దాచడం కూడా పాత ఇటుకకు మంచిది కాదు. తీగలను గోడ మీదనే పైపులలో చక్కగా అమర్చవచ్చు. నున్నని టైల్స్, నున్నని పలకలు నాలుగు వైపులా ఉంటే శబ్దం ఒక గోడ నుండి మరొక గోడకు తగిలి తిరుగుతుంటుంది. ఇమామ్ ఖిరాఅత్ వెనుక వరుసకు అస్పష్టంగా వినిపిస్తుంది. అప్పుడు మైకు పెంచుతారు, గోల మరింత పెరుగుతుంది. ఈ సంగతి మేము అనగానే ఆ అమ్మాయి ఒప్పుకొని, యువకులు కోరినందువలనే గీశానని చెప్పింది.

ఇక ఖిబ్లా గోడ. దైవప్రవక్త (స) ఒకసారి గీతల అంచు గల దుప్పటి కప్పుకొని నమాజు చేసి, దాని మీది గుర్తులు తమ ధ్యానాన్ని మరల్చినవని చెప్పి, దానిని ఇచ్చిన అబూ జహమ్ (రజి)కే తిరిగి పంపి, ఆయన వద్ద ఉన్న సాదా దుప్పటి తెప్పించుకున్నారు. ఇచ్చినవారి మనస్సు నొచ్చుకోకుండా మరొకటి అడిగి తీసుకోవడంలోని సున్నితత్వం చూడండి. ఆయన చూపే మరలినదంటే, మన చూపు బంగారు అక్షరాల మీద ఎక్కడ ఆగుతుంది? అందువలననే హనఫీ పండితులు నమాజీ ఎదుట ఉండే గోడ మీది నగిషీని ప్రత్యేకించి అయిష్టకరమన్నారు. మంచి సున్నపు వెల్ల, మిహ్రాబు చుట్టూ ఉన్న పాత గచ్చు పూలకు మరమ్మతు, పక్కల నుండి పడే మెత్తని వెలుతురు చాలు. సొగసు చూపాలనే కోరిక ఉంటే ప్రవేశద్వారం ఉన్నది, సహన్ ఉన్నది, వెనుక గోడ ఉన్నది.

డిజైనర్ చెప్పిన వాటిలో మాకు ఎంతో నచ్చినది ఒకటి ఉన్నది. స్త్రీల నమాజు గదికి ప్లాస్టిక్ తెరకు బదులుగా పెడన కలంకారీ అచ్చుల తెర వేద్దామన్నది. బందరు కలంకారీ ఒకనాడు ఇరాన్‌కు ఎగుమతి అయ్యేది. మిహ్రాబు ఆకారం అద్దిన వస్త్రాలు కూడా ఇక్కడి నుండి అక్కడికి వెళ్ళినవి. నెమళ్ళు, ఏనుగులు లేని ఆకుతీగల అచ్చులు ఎంచుకుంటే సరిపోతుంది. కమిటీలో ఒకరు "స్త్రీలకు అంత ఖర్చు దేనికి" అన్నారు. ఆ గదికి సరైన కిటికీ కూడా లేదన్న సంగతి ఆయన ఎన్నడూ గమనించలేదు. గమనించినది ఆ అమ్మాయే. వుజూ చోట వృద్ధులు పట్టుకొని లేవడానికి కడ్డీ, కూర్చోవడానికి అరుగు, జారని కరకు రాయి కావాలని కూడా ఆమెయే వ్రాసింది. ఇటువంటివి చూడగల కన్ను ఉన్నవారికి రుసుము ఇవ్వడం దుబారా కాదు.

డిజైనర్‌ను పెట్టుకునే కమిటీలకు ఇంకొన్ని మాటలు. మన దేశంలో ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే 1972 నాటి చట్టం ప్రకారం నమోదు ఉండాలి. ఇంటీరియర్ డిజైనర్‌కు అటువంటి నిర్బంధం లేదు. కాబట్టి గోడ కదిపే పని, దూలం మార్చే పని ఏదైనా ఉంటే ఇంజినీరు గాని, పాత కట్టడాల పని తెలిసిన ఆర్కిటెక్ట్ గాని సంతకం చేయాలి. విజయవాడలోనే 2008 నుండి కేంద్ర ప్రభుత్వపు ప్రణాళిక, వాస్తుశిల్ప విద్యాలయం ఉన్నది. అక్కడి అధ్యాపకులను సలహా అడగడానికి మొహమాటపడనక్కరలేదు. రుసుమును మొత్తం ఖర్చులో శాతంగా కాక గుత్తగా మాట్లాడుకోండి. శాతమైతే ఖరీదైన రాయి వైపు ఎంతటివారి మనస్సయినా మొగ్గుతుంది. వక్ఫ్ బోర్డుకు తెలియపరచకుండా ఏ గోడనూ తాకవద్దు. పని మొదలు కాకముందు ప్రతి మూలా ఫొటో తీసి ఉంచండి. ఊడదీసిన పాత తలుపు, పాత శిలాఫలకం పాత సామాన్ల బండికి పోకుండా చూడండి. ఆ ఫలకం మీద మస్జిదుకు స్థలం ఇచ్చిన మనిషి పేరు ఉంటుంది.

సఫ్‌ల దిశ గురించి కూడా అడిగారు. ఇక్కడి నుండి ఖిబ్లా నేరు పడమర కాదు, పడమటి నుండి కొంత ఉత్తరానికి మొగ్గి ఉంటుంది. పాత మస్జిదు గోడ స్వల్పంగా తేడాగా ఉన్నంత మాత్రాన గోడ పడగొట్టనక్కరలేదు. అంతటి తేడాతో నమాజుకు లోపం రాదు. ఇనుప కడ్డీల పక్కన ఫోనులోని దిక్సూచి పెట్టి తగవు పడవద్దు.

కాబా నిర్మాణం సంగతి పాఠకులలో చాలామందికి తెలుసు. అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) దానిని ఇబ్రాహీమ్ (అలై) పునాదుల మీదికి తెచ్చారు. హజ్జాజ్ మళ్ళీ పాత రూపానికి మార్చాడు. తరువాత ఒక అబ్బాసీ ఖలీఫా ఇబ్నె జుబైర్ (రజి) రూపానికే తిరిగి తెద్దామని సంకల్పిస్తే, ఇమామ్ మాలిక్ (రహ్మలై) వారించారు. ఆ గృహం రాజుల చేతిలో ఆటబొమ్మ కారాదని, వచ్చిన ప్రతివాడూ మార్చుకుంటూ పోతే జనుల హృదయాలలో దాని గౌరవం సన్నగిల్లుతుందని ఆయన భావం. ఖలీఫా తన కోరిక మానుకున్నాడు. మూడేళ్ళకొకసారి మారే మన కమిటీలు ప్రతిసారీ టైల్స్ మార్చడం చూసినప్పుడు మాకు ఇమామ్ మాలిక్ (రహ్మలై) గుర్తుకు వస్తారు.

మా వద్దకు వచ్చిన కమిటీ వారు ఫాల్స్ సీలింగ్ మానుకున్నారు. దుబాయి నుండి ఒక యువకుడు తన స్వంత సొమ్ముతో ద్వారం పైన అక్షరాలు చెక్కిస్తానన్నాడు. అది రెండవ పుస్తకంలో వ్రాసుకున్నారు. వుజూ తూము ముందుగా మార్చారు. వీధి నీరు మళ్ళించడానికి పంచాయతీకి అర్జీ పెట్టారు. సిమెంటు పూత ఊడదీయడం ఉత్తరపు గోడతో మొదలయింది. గోడ లోపలి తడి ఆరడానికి ఒక వేసవి పూర్తిగా పట్టవచ్చునని, అంతవరకు రంగు మాట ఎత్తవద్దని డిజైనర్ గట్టిగా చెప్పింది. ప్రస్తుతం మొదటి సఫ్ వారు ఇటుకలు బయటపడ్డ గోడ పక్కనే నమాజు చేస్తున్నారు.